నాయిన ఫారం

"టీ సల్లారిపోతాందని చెప్పు మీ నాయినకు."

సారమ్మ ఈ మాట కూతురితో అంది. ఆ నాయిన, అంటే యోబు, ఆమెకు రెండు మూరల దూరంలో అదే బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆయన చెవులు బాగానే పనిచేస్తాయి. చెయ్యి చాపితే గ్లాసు అందుతుంది కూడా. చాపలేదు.

"నాయినా, టీ," అంది ఝాన్సీ.

"తాగుతనని చెప్పు."

దేవరయాంజాల్‌లోని ఆ మూడు గదుల ఇంట్లో నాలుగు రోజులుగా ఇదే వరస. బీపీ బిళ్ల మింగమని చెప్పు, పాస్టరయ్య ఫోన్ చేసిండని చెప్పు, కూర అడుగంటిందని చెప్పు. మధ్యలో ఝాన్సీ తపాలా బంట్రోతు ఉద్యోగం వెలగబెడుతోంది. భర్త గిడియోన్ ఊళ్లో ఉంటే ఈ డ్యూటీ చెరి సగం పంచుకునేవాళ్లు. అతను లారీతో నాగపూర్ పోయి వారమైంది.

యోబు చర్చికి వెళ్లొస్తానని గొణిగి వాకిట్లోకి నడిచాడు. ఆయన చెప్పుల చప్పుడు గేటు దగ్గర ఆగిపోయింది. ఝాన్సీ అది గమనించలేదు. తల్లి చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, ఒక్క మాట చెప్పు. బేస్తారం నాడు గా సర్వే పిల్ల కామేశ్వరి అచ్చి అడిగినప్పుడు నాయిన ఏమన్నడు? నువ్వు వంటింట్లనే ఉన్నవుగద. ఇన్నవ్‌గద."

"నన్నడుగకు."

"నువ్వు చెప్పకపోతె నాకెట్ల తెలుస్తది?"

"గదే అంటున్న. నీకెట్ల తెలుసు? నీకెట్ల తెలిసి రాసినవ్?" సారమ్మ చెయ్యి విడిపించుకుంది. గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. కడిగిన గిన్నెనే మళ్లీ కడిగింది.

నిజమే, ఝాన్సీ అడిగి రాయలేదు.

ఇంటినిండా మనుషులున్నా మనిషికి ఒంటరిగా ఎందుకు అనిపిస్తుంది? ఆ ఒంటరితనం నిద్రను ఏం చేస్తుంది, బీపీని ఏం చేస్తుంది? ఇవీ తెలుసుకోవడానికి విశ్వవిద్యాలయం వాళ్లు పెట్టిన సర్వేలో ఝాన్సీ ఏడాదిగా పని చేస్తోంది. తూంకుంట నుంచి శామీర్‌పేట చెరువు దాకా ఇల్లిల్లూ తిరిగి రెండు వందల పన్నెండు మందిని నలభై ప్రశ్నల చొప్పున అడిగింది. ఒక్కొక్కరి దగ్గర నలభై నిమిషాలకు తక్కువ కూర్చోలేదు. ఒక్క మనిషి దగ్గర తప్ప.

ఏ ఇంట్లో అడగాలో చీటీ తీస్తే ఈ వీధిలో తన ఇల్లే వచ్చింది. ఇంటి మనిషిని అడగకూడదు, ఆఫీసులో చెప్పి వేరొకరిని పంపించాలి, అది నియమం. కానీ ఆ రోజు ఆమె కాళ్లు లాగుతున్నాయి, లెక్కకు ఒక్క ఫారం తక్కువైంది. సొంత నాయిన సంగతి తనకు తెలియదా అనుకుంది. స్టవ్ మీద పాలు కాగే లోపల నలభై జవాబులూ తనే నొక్కేసింది. ఒంటరిగా అనిపిస్తుందా? ఎప్పుడూ లేదు. మనసులో మాట ఎవరితో చెప్పుకుంటారు? భార్యతో, రోజూ. చెప్పుకోవాలని ఉండీ చెప్పుకోలేని మనిషి ఉన్నారా? లేరు.

ఎవరైనా అదే రాస్తారు. యోబు చర్చిలో సంఘ పెద్ద. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ద్రాక్షతోటలన్నిట్లో కొమ్మలు కత్తిరించిన చేతులు ఆయనవి. తోటలు పోయి ప్లాట్లు పడ్డాక, ఎవరింట్లో జ్వరమొచ్చినా ప్రార్థన చెయ్యడానికి వెళ్లడమే ఆయన పనైంది. రోజుకు పదిమంది ఆయన కోసం వస్తారు. అలాంటి మనిషికి ఒంటరితనమేమిటి?

అయితే పదింట ఒక ఫారాన్ని ఇంకొకరు వెళ్లి మళ్లీ అడిగి సరిచూస్తారు. ఈసారి సరిచూసే వంతులో యోబు పేరు వచ్చింది. కామేశ్వరి వచ్చి అడిగింది. జవాబులు కలవలేదు.

"అమ్మా, సాయంత్రం నాలుగింటికి మా ఆఫీసు క్రిస్టీనా మేడం వస్తది," అంది ఝాన్సీ. "ఆమె ముంగట నేనే నాయినను మళ్ల అడగాలె, నేనెట్ల అడుగుతనో చూస్తదంట. నా ఫారం తప్పని తేలితె నౌకరి పోవుడు ఒక్కటే కాదు. నేను రాసినయన్ని పక్కన పడేస్తరు. రెండొందల మంది చెప్పుకున్నదంత మట్టిల గలుస్తది."

గేటు చప్పుడైంది. యోబు చర్చికి పోలేదు. తిరిగి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"గా ఫారంల నువ్వేం రాసినవ్ బిడ్డా?"

అది చెప్పకూడదు. జవాబిచ్చే మనిషికి పాత జవాబు చెబితే ఇక అడగడానికేముంది? ఆ సంగతి కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పేది కూడా ఝాన్సీయే. అయినా ఆయన ఆ గొంతుతో అడిగితే ఆమె చిన్నప్పటి నుంచీ ఏదీ దాచలేదు.

"నీకెప్పుడు ఒంటరిగ అనిపియ్యదని రాసిన. ఏమున్నా అమ్మతోని రోజు చెప్పుకుంటవని రాసిన. ఇంకెవ్వరితోని చెప్పుకునేది లేదని రాసిన."

సారమ్మ చేతిలో గిన్నె ఆగింది. యోబు ఆమె వైపు చూడలేదు.

"మంచిగనే రాసినవ్," అన్నాడు.

*

తూంకుంటలో మెడికల్ షాపు పైన రెండు గదులే సర్వే ఆఫీసు. క్రిస్టీనా గాజులరామారం పిల్ల, ముప్పై కూడా నిండలేదు, ఈ పరిశోధన మీదే డాక్టరేట్ చేస్తోంది. వయసులో చిన్నదని ఝాన్సీని అక్కా అంటుంది. హోదాలో పెద్దదని ఝాన్సీ ఆమెను మేడం అంటుంది. ఇద్దరికీ అది అలవాటైపోయింది.

"మీ ఇల్లని ఎందుకు చెప్పలేదక్కా?"

"మర్చిపోయిన మేడం."

"సొంత ఇల్లు మర్చిపోయినవా?" క్రిస్టీనా నవ్వబోయి మానేసింది. ట్యాబ్ తిప్పి చూపించింది. "గీ ఫారం నాలుగు నిమిషాలల్ల అయిపోయింది. మిగతావన్ని నలభై."

ఝాన్సీ ట్యాబ్ పక్కకు జరిపింది. "సిగ్నల్ లేకుండె. కాగితం మీద రాసుకొని, తర్వాత ఎక్కించిన."

క్రిస్టీనా ఆమె కళ్లలోకి చూసింది. ఆ చూపు తిట్టినదానికంటే అన్యాయంగా ఉంది.

"మేడం, ఒకటి అడుగుత," అంది ఝాన్సీ. "ముక్కూ మొహం తెల్వని పిల్లకు చెప్పిండు. నేను పొద్దంత ముంగటనే తిరుగుత, నాకెందుకు చెప్పడు?"

"నువ్వు బాధపడతవ్ కాబట్టి. కామేశ్వరి ఇని లేసిపోతది. ఆమెకు చెప్తె ఇంట్ల ఏం విరగదు." క్రిస్టీనా కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఇంకోటి కూడ ఉందక్కా. దీని మీద మస్తు పరిశోధన జరిగింది. బయటోళ్లను మనం అడుగుతం, సొంతోళ్లను అడగం. వాళ్ల మనసు మనకు తెలుసనుకుంటం. ఎంత దగ్గరుంటె అంత గట్టిగ అనుకుంటం."

ఝాన్సీ తల వంచుకుంది.

"ఒక్కడే ఉండుడు వేరు, ఒంటరిగ ఉండుడు వేరు. కొందరు ఒక్కరే ఉండి కూడ హాయిగుంటరు. కొందరికి పదిమంది ఉంటరు గని కావల్సిన మాట ఒక్కటి దొరకదు. అది ఏండ్ల కొద్ది సాగితె పాణాన్ని ఊకె వదిలిపెట్టదు. నిద్ర కూడ సరిగ పట్టదు. బీపీ లేస్తదని కూడ చాల చోట్ల కనిపించింది."

"మా నాయినకు బిళ్ల మూడుసార్లు మార్చిరు. ఐనా దిగుతలేదు."

"గది ఒక్క దానివల్లనే అని నేను చెప్పలేను. అట్ల చెప్తె అబద్ధమైతది. అందుకే గదా ఇంతమందిని అడుగుతున్నం."

"కామేశ్వరికి ఎవరి పేరు చెప్పిండు మేడం? గదొక్కటి చెప్పు."

"చెప్పకూడదక్కా. ఆయన మనల్ని నమ్మి చెప్పిండు."

ఝాన్సీ మెట్లు దిగింది. బస్టాపులో నిలబడితే శామీర్‌పేట చెరువు దగ్గరి ఐలమ్మ గుర్తొచ్చింది. చేపల బుట్ట పక్కన పెట్టుకుని, మొదట్లో ఏది అడిగినా ఆమె నాకేం తెలుసు బిడ్డా అనేది. ఇరవయ్యో ప్రశ్న దగ్గర ఏడ్చింది. అయిపోయాక కొంగుతో మొహం తుడుచుకుని, మళ్లెప్పుడొస్తవ్ అని అడిగింది. నాలుగు నిమిషాల సోమరితనానికి ఆ ఏడుపు కూడా చెత్తబుట్టలో పడుతుంది. తన మీద తనకే రోత పుట్టింది ఝాన్సీకి.

అంతకంటే లోపల ఇంకొకటి గుచ్చుతోంది. నాయినకు ఎవరు కావాలి? ఎవరి కోసం ఆయన ఇన్నాళ్లుగా ఎదురుచూస్తున్నాడు?

అన్న ఎలీషా అయి ఉండాలి. ఎలీషా పోయి నాలుగేళ్లు దాటింది. రెండో కరోనా రోజుల్లో ముప్పై నాలుగేళ్ల మనిషిని ఆస్పత్రి లోపలికి పంపారు, మళ్లీ మొహం చూడలేదు. ఆ తర్వాత సారమ్మ అతని ఫోటో తీసి బీరువాలో పెట్టింది. ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తకూడదంది. ఎవరూ ఎత్తలేదు. అమ్మానాయినలు ఒంటరివాళ్లు కాకూడదనే ఝాన్సీ, గిడియోన్ మూటాముల్లె సర్దుకుని ఈ ఇంటికి వచ్చారు. వచ్చి ఏం ఉద్ధరించామని ఆమె బస్సులో కిటికీకి తల ఆనించి తనను తానే అడిగింది.

*

నాలుగింటికి యోబు ఆదివారం చొక్కా వేసుకుని ముందుగదిలో కూర్చున్నాడు. క్రిస్టీనా గోడ పక్కన కూర్చుంది. వంటింట్లో సారమ్మ జొన్నరొట్టెలు కొడుతోంది. సాయంత్రం నాలుగింటికి రొట్టెలు ఎవరికోసమో ఎవరూ అడగలేదు.

ప్రశ్నలను ఉన్నవి ఉన్నట్టే చదవాలి. ఒక్క మాట మార్చకూడదు. ఝాన్సీ పుట్టి బుద్ధెరిగి మొదటిసారి నాయినను మీరు అంది.

"మీకు రాత్రి పూట నిద్ర బాగా పడుతుందా?"

"మస్తు పడతది."

ఆయన వేకువజామున మూడింటికి లేచి వాకిట్లో పచార్లు చెయ్యడం ఆమెకు తెలుసు. ప్రార్థన చేసుకుంటున్నాడని అనుకునేది. 'బాగా' అన్న గడి నొక్కింది.

"గత నెల రోజుల్లో, చుట్టూ మనుషులు ఉన్నప్పటికీ, మీకు ఒంటరిగా అనిపించిందా? ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, తరచుగా, రోజూ."

"ఎప్పుడు లేదు."

క్రిస్టీనా కాగితం మీద ఏదో రాసుకుంది. ఝాన్సీకి అర్థమైంది. ఆయన పొద్దున గుమ్మంలో నిలబడి అడిగింది ఇందుకే. ఆమె ఫారాన్ని ఆయన అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతున్నాడు. అబద్ధమాడే అలవాటు లేని మనిషి కాబట్టి ప్రశ్న పూర్తికాకముందే గబగబా చెప్పేస్తున్నాడు, ఆలస్యమైతే నిజం బయటికొస్తుందేమోనని.

కూతురి కోసం అబద్ధమాడుతున్నాడు. ఈ వయసులో, ఆదివారం చొక్కా వేసుకుని.

ఆయన ఇలాగే చెబితే ఉద్యోగం నిలుస్తుంది. ఐలమ్మ మాట నిలుస్తుంది. కామేశ్వరిదే తప్పని తేలిపోతుంది. మరి నాయిన చెప్పుకున్న నిజం? అది ఎప్పటికీ ఎవరికీ తెలియదు. ఒక్కసారి తలెత్తి ఉన్నది చెప్పమని ఆయన కాళ్లు పట్టుకోవాలనిపించింది. చెప్పకుంటే బాగుండునని కూడా అనిపించింది. రెండు ఆశలూ ఒకేసారి పుట్టినందుకు సిగ్గేసింది.

"మీ మనసులోని మాటను ఎవరితో చెప్పుకుంటారు?"

"సారమ్మతోని."

"ఎంత తరచుగా?"

"రోజు."

వంటింట్లో రొట్టె కొట్టే చప్పుడు ఆగిపోయింది.

ఝాన్సీ వేలు తెర మీదికి వెళ్లింది.

"రాయకు."

సారమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. మోచేతుల దాకా జొన్నపిండి. "అబద్ధం జెప్తుండు. రాయకు బిడ్డా."

"నువ్వు లోపలికి పో," అన్నాడు యోబు. నాలుగు రోజుల తర్వాత భార్యతో నేరుగా అన్న మొదటి మాట అదే.

"పోను. నాలుగు దినాల సంది నీ మీద కోపమొచ్చి మాట్లాడుతలేననుకున్నవా? మొహమెట్ల చూపియ్యాలో తెల్వక మాట్లాడలేదు." సారమ్మ క్రిస్టీనా వైపు తిరిగింది. "అమ్మా, బేస్తారం నాడు ఆయన నిజం చెప్పిండు. రోజు ఒంటరిగనే ఉంటదన్నడు. ఎవరితోని చెప్పుకోవాలనుంటది అని ఆ పిల్ల అడిగితె నా పేరు చెప్పిండు. నా పెండ్లాం దగ్గర నేను అడగాల్సిన మాట ఒకటున్నది, నాలుగేండ్ల సంది అడగనీకె భయమైతాంది అన్నడు. నేను పొయ్యి కాడ నిలబడి ఇన్న."

క్రిస్టీనా కలం మూత పెట్టింది.

"ఇంటర్వ్యూ నడుస్తుంటె వేరేవాళ్లు మాట్లాడొద్దక్కా," అంది మెల్లగా. "ఇది ఇగ చెల్లదు. ఇంకో రోజు..."

"ఇంకో రోజు వద్దు మేడం." ఝాన్సీ ట్యాబ్ బల్ల మీద పెట్టింది. "మొదటి ఫారం నేను అడగలేదు. స్టవ్ కాడ నిలబడి నేనే నింపిన. కాగితం మీద రాసుకున్ననని చెప్పింది కూడ అబద్ధమే. కామేశ్వరిది సరైన ఫారం."

"బిడ్డా, ఏం జేస్తున్నవ్," అన్నాడు యోబు. ఆయన మొహం పాలిపోయింది. "నీ కోసమే గద నేను..."

"తెలుసు నాయినా. గందుకే."

క్రిస్టీనా ట్యాబ్ తీసి సంచీలో పెట్టింది. "మిగతా రెండొందల ఫారాల సంగతి నా చేతుల లేదక్కా," అంది. "పైవాళ్లకు రాయాలె. రాస్త." లేచి సంచీ భుజాన వేసుకుంది. గుమ్మం దగ్గర ముసలివాళ్లిద్దరినీ ఒకసారి చూసి బయటికి వెళ్లిపోయింది.

ఉద్యోగం పోయినట్టే. ఝాన్సీకి ఆ క్షణంలో ఆ దిగులు కూడా పట్టలేదు. తల్లినే చూస్తోంది.

సారమ్మ వచ్చి భర్తకు ఎదురుగా, కూతురు లేచిన కుర్చీలో కూర్చుంది. పిండి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"అడుగు," అంది.

యోబు తల అడ్డంగా ఊపాడు.

"అడుగయ్యా. బయటి పిల్లకు చెప్పినవ్, నన్నడుగు."

ఆయన గొంతు సవరించుకున్నాడు. ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేసిన గొంతు మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ ఆగింది.

"ఎలీషా పోయినంక నీ ఫోను చూసిన," అన్నాడు చివరికి. "పోయే ముందు దినం పగటిపూట వాడు నీకు చేసిండు. ఆరు నిమిషాలు మాట్లాడినవ్. గా సంగతి నువ్వు నాకు చెప్పలే. ఎందుకు చెప్పలేదో అని నాలుగేండ్ల సంది..." ఆగాడు. "నా కొడుకు ఏమన్నడు సారా?"

ఆ ఫోన్ సంగతి ఝాన్సీకి తెలియదు. ఎవరికీ తెలియదు. ఇంట్లో ఆ పేరు వినబడి ఎన్నేళ్లయిందో.

సారమ్మ కళ్లు దించలేదు. ఏడవలేదు కూడా.

"నువ్వు అప్పుడే ఉపవాస ప్రార్థన నుంచి అచ్చి ఒరిగినవ్. రెండు దినాల సంది నీకు నిద్ర లేదు, లేస్తవని ఫోను వాకిట్లకు తీస్కపోయిన. ఆయాసపడుకుంట మాట్లాడిండు వాడు. వాని గొంతు ఇంటె నువ్వు తట్టుకోవనుకున్న." ఆమె వేళ్లకంటిన పిండి గిల్లుకుంది. "నాయినకియ్యమ్మా అన్నడు. రెండుసార్లడిగిండు. పండుకున్నడు బిడ్డా, లేసినంక చేపిస్త అని పెట్టేసిన."

యోబు బల్ల అంచు పట్టుకుని మెల్లగా లేచి నిలబడ్డాడు.

"నేను పండుకోలేదు సారా," అన్నాడు. "కండ్లు మూసుకొని ఒరిగిన గంతే. ఒక్కసారి పిలిస్తె లేద్దును."